రోజుకొక పేట: లండన్‌కు మొదటిసారి వెళ్లేవారి కోసం

(పిల్లల దగ్గరకు లండన్ వెళ్లబోతున్న తల్లిదండ్రుల కోసం గుంటూరులో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది పిల్లలు ఇంగ్లండులో చదువుకుంటున్నారు, లేదా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారిని చూడటానికి మీరు మొదటిసారి ఆ దేశం వెళ్తున్నారు. కొందరి చేతుల్లో కాగితాలు కూడా కనిపిస్తున్నాయి. వాటిలో ఏముందో నేను చూడకుండానే చెబుతాను. బిగ్ బెన్, బకింగ్‌హామ్ ప్యాలెస్, లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, కోహినూరు, మైనపు బొమ్మలు. అవునా, కాదా? అవుననే నవ్వుతున్నారు. ఆ జాబితాతో నాకు పేచీ లేదు. అయితే ఆ జాబితాను పైనుంచి కిందికి వరసగా చదువుకుంటూ తిరిగితే ఉదయం తూర్పు కొసన, మధ్యాహ్నం పడమటి కొసన, సాయంత్రం మళ్లీ తూర్పున తేలుతారు. రోజులో సగం భూమి కింద రైళ్లలోనే గడిచిపోతుంది.

కాబట్టి ఈ రోజు నేను చెప్పబోయేది ప్రధానంగా ఒక్కటే. లండన్‌ను చూడవలసిన వస్తువుల లెక్కన కాక పేటల లెక్కన చూడండి. రోజుకొక పేట. ఆ పేటలో ఒక్క పెద్ద చోటు ఉదయం పూట, మిగిలినదంతా నడక. మళ్లీ చెబుతున్నాను, రోజుకొక పేట, అంతే. ఎందుకంటే గ్రేటర్ లండన్ విస్తీర్ణం 1,572 చదరపు కిలోమీటర్లయినా, మొదటిసారి వెళ్లినవారు చూసేదంతా థేమ్స్ నది పొడవునా చిన్న చిన్న గుంపులుగా ఉంది. పార్లమెంటు దగ్గర నుంచి టవర్ దాకా, అంటే టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోట దాకా, నది ఒడ్డున నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఒక్కొక్క గుంపు లోపల కాలినడకన తిరగవచ్చు. ఒక గుంపు నుంచి ఇంకొక గుంపుకు వెళ్లడానికే రైలో బస్సో కావాలి.

ముందుగా వీసా సంగతి త్వరగా ముగిస్తాను. పర్యాటకులకైనా, పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకైనా కావలసింది స్టాండర్డ్ విజిటర్ వీసాయే. దానితో సాధారణంగా 6 నెలల వరకు ఉండవచ్చు. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వేలిముద్రలు ఇచ్చిన తరువాత నిర్ణయానికి మామూలుగా 3 వారాలు పడుతుంది. సెలవుల కాలంలో ఆలస్యం కావచ్చు కాబట్టి చివరి నెల దాకా ఆగవద్దు. అబ్బాయి పంపిన ఆహ్వాన పత్రం ఒక్కటే చాలునని అనుకోకండి. మీరు తిరిగి వస్తారనడానికి ఇక్కడ మీకున్న పింఛను, ఉద్యోగం, పొలం, ఇల్లు, వీటి కాగితాలే గట్టి ఆధారం. ఇంకొక మాట. లండన్ వెళ్లాం కదా, పక్కనే పారిస్ కూడా చూసి వద్దాం అనుకునేవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలను షెంగెన్ దేశాలు అంటారు, బ్రిటన్ వాటిలో లేదు. పారిస్‌కు వేరే వీసా కావాలి, దాన్ని ఇక్కడి నుంచే తీసుకుని వెళ్లాలి.

ఇక ఏ కాలంలో వెళ్లాలి? వాన గురించి అందరూ అడుగుతారు, వెలుతురు గురించి ఎవరూ అడగరు. లండన్‌లో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లే. మన కోస్తాలో కురిసేదానికన్నా అది చాలా తక్కువ. అయితే అక్కడి వాన ఒక్క ఊపున కురిసి వెళ్లిపోదు, సన్నగా, తరచుగా పడుతుంది. ఒక పల్చటి రెయిన్ జాకెట్ ఉంటే సరిపోతుంది. అసలు తేడా వెలుతురులో ఉంది. జూన్ మూడో వారంలో రాత్రి 9 గంటల 20 నిమిషాల దాకా సూర్యుడు అస్తమించడు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం 4 గంటలు కాకముందే అస్తమిస్తాడు. మే, జూన్ నెలల్లో సాయంత్రం 5 గంటలకు మ్యూజియం మూసిన తరువాత కూడా నది ఒడ్డున తిరగడానికి ఇంకొక సగం రోజు మిగిలి ఉంటుంది. అదే రోజును డిసెంబరులో ఇలా వాడుకోలేరు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు, చలికి తట్టుకోలేనివారు నా మాట విని మే నెలకో, సెప్టెంబరుకో టికెట్టు తీసుకోండి. అప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఇక్కడి గడియారానికీ అక్కడి గడియారానికీ తేడా నాలుగున్నర గంటలే అని గుర్తుంచుకోవాలి. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా అది ఐదున్నర గంటలు.

బసకు వద్దాం. పిల్లల ఇల్లు ఊరికి దూరంగా ఉంటే రెండు మూడు రాత్రులు మధ్యలో హోటల్ తీసుకోవడం మంచిదే. ఫొటోలలో గదులు విశాలంగానే ఉంటాయి. అవి చాలావరకు విక్టోరియా కాలం నాటి ఇళ్లు, వరసగా గోడకు గోడ ఆనుకుని కట్టినవి. మెట్లు ఇరుకు, గదులు చిన్నవి, కొన్నింటికి లిఫ్ట్ ఉండదు. కాబట్టి బుక్ చేసేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. లిఫ్ట్ ఉందా? దగ్గరి స్టేషన్‌లో మెట్లు ఎక్కకుండా వీధిలోకి రావచ్చా? రెండవది చాలామందికి తట్టదు. పాత భూగర్భ స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు. చెరొక 23 కిలోల పెట్టె పట్టుకుని ఆ మెట్లు ఎక్కడం అంటే మాటలు కాదు. మెట్లు లేని స్టేషన్లకు అక్కడి మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తు ఉంటుంది, దాన్ని చూసుకోండి.

ఆ మ్యాపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863లో లండన్‌లోనే, పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా నడిచింది. దాన్ని అక్కడివారు ట్యూబ్ అంటారు. ఇప్పుడు మనం చూసే రంగురంగుల మ్యాపుకు మూలరూపం హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసినది. 1933లో ప్రయాణికులకు అందింది. ఆయన దూరాలను పట్టించుకోలేదు. ఏ స్టేషన్ తరువాత ఏది, ఎక్కడ రైలు మారాలి, ఈ రెండే చూపించాడు. ప్రయాణికుడికి అది ఎంతో మేలు, నడిచేవాడికి మాత్రం మోసం. లెస్టర్ స్క్వేర్, కవెంట్ గార్డెన్ అని రెండు స్టేషన్లు ఉన్నాయి. వాటి మధ్య 300 మీటర్లు కూడా ఉండదు. కొత్తవాళ్లు కిందికి దిగి, రైలు కోసం నిలబడి, ఎక్కి, దిగి, కవెంట్ గార్డెన్‌లో లిఫ్ట్ వరసలో నిలబడి పైకి వస్తారు. నడిస్తే ఐదు నిమిషాల దారి. అందుకే ట్యూబ్ మ్యాపు చూసి రోజును ప్లాన్ చేయకండి. ఫోన్‌లో మామూలు వీధి మ్యాపు తెరిచి, మీరు చూడదలచిన చోట్లన్నిటికీ గుర్తులు పెట్టండి. గుంపులు వాటంతట అవే కనిపిస్తాయి. ఆ గుంపులే నేను చెప్పే పేటలు.

టికెట్టు మాటేమిటి? విడిగా టికెట్టు కొనవలసిన పని లేదు. మీ కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డును గేటు దగ్గర పసుపు గుండ్రానికి తాకిస్తే చాలు. ఇక్కడ మూడు జాగ్రత్తలు ఉన్నాయి, దయచేసి రాసుకోండి. భార్యాభర్తలు ఒకే కార్డు మీద వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వారికే ఉండాలి. రెండు, ట్యూబ్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఎక్కువ చార్జీ పడుతుంది. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారే. మూడు, పొద్దున కార్డు తాకించి సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోన్ తాకిస్తే యంత్రం ఇద్దరు మనుషులని లెక్క వేస్తుంది. ఎందుకు ఇంత పట్టింపు అంటారా? ఒక రోజులో మీరు ఎన్నిసార్లు తిరిగినా ఒక హద్దు దాటి డబ్బు తీసుకోరు. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం హద్దు కూడా ఉంది. ఆ లెక్క కార్డును బట్టి నడుస్తుంది కాబట్టి కార్డు మారితే లాభం పోతుంది. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్, రెండూ విడివిడిగా ఆన్ చేయవలసి ఉంటుంది. అది ఇక్కడే, బయల్దేరక ముందే చేసుకోండి. విదేశీ లావాదేవీకి మీ బ్యాంకు ఎంత శాతం వేసుకుంటుందో కూడా కనుక్కోండి. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. పౌండు నోటు చూపిస్తే డ్రైవరు ఏమీ చేయలేడు.

నన్ను అడిగితే బస్సే మేలు. ట్యూబ్‌కన్నా చార్జీ తక్కువ. మొదటి బస్సు ఎక్కిన గంటలోపల ఇంకొక బస్సు ఎక్కితే దానికి డబ్బు పడదు. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే ఊరంతా కళ్ల ముందు ఉంటుంది. 15వ నంబరు బస్సు ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ చర్చి మీదుగా టవర్ దాకా వెళ్తుంది. పర్యాటకుల బస్సులకు దానికి ఎన్నో రెట్లు తీసుకుని ఇంచుమించు ఇవే వీధులు చూపిస్తారు. ఆ డబ్బు టవర్ టికెట్టుకు దాచుకోండి.

ఇప్పుడు పేటలు. నేను మొదటి రోజుకు బ్లూమ్స్‌బరీ అంటాను. వెస్ట్‌మినిస్టర్ అనరేమిటి అని కొందరు చూస్తున్నారు. కారణం ఉంది. బ్రిటిష్ మ్యూజియం ఉన్నది బ్లూమ్స్‌బరీలోనే, అందులో మన గుంటూరు జిల్లా ఉంది.

అక్కడికి వెళ్లిన ప్రతి ఒక్కరూ ముందు గుమ్మం నుంచి లోపలికి వచ్చి, రోసెట్టా శిల చుట్టూ మూగి, ఈజిప్టు మమ్మీలను చూసి, కాళ్లు నొప్పి పుట్టి బయటికి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. ఉత్తరం వైపు, మాంటేగ్ ప్లేస్ వీధిలో ఇంకొక ద్వారం ఉంది. అక్కడి నుంచి 33వ నంబరు గది దగ్గర. చైనా, దక్షిణాసియా వస్తువులున్న ఆ పొడవాటి గదిని ఆనుకుని, 33ఎ అని అద్దాల తలుపుల వెనక ఒక గది ఉంటుంది. లోపల ఉన్నది అమరావతి. అమరావతి స్తూపం పలకలు, మన పల్నాటి సున్నపురాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివరి ఏళ్లలో ధరణికోట పక్కన ఆ దిబ్బను చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపాడు. వాటిలో చాలావాటిని 1859లో ఓడ మీద లండన్ చేర్చారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. మరొక పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఆ గదిలో ఒక పలక దగ్గర తప్పకుండా ఆగండి. దానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒక వైపు స్తూపమే ఉంటుంది, అంటే కూలిపోక ముందు అమరావతి స్తూపం ఎలా ఉండేదో శిల్పి చెక్కి చూపించాడు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, అండం, అంటే గుమ్మటం మీద పూలదండలు, అన్నీ ఉంటాయి. వెనక్కి వెళ్లి చూడండి. అటు వైపు అంతకన్నా కొన్ని వందల ఏళ్ల ముందటి పని. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి రూపం లేదు. బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కని కాలం అది. తరువాతి తరం వారు ఆ పాత రాయినే తిప్పి రెండో ముఖం మీద కొత్తగా చెక్కుకున్నారు. మన కృష్ణా తీరపు శిల్పుల చరిత్ర ఆ ఒక్క రాతికి ముందూ వెనకా ఉంది. ఇది లండన్‌లో ఉండాలా, ఇక్కడికి తిరిగి రావాలా అన్న ప్రశ్న మీ మనసులో మెదులుతుంది, మెదలాలి కూడా. రావాలనే నా అభిప్రాయం. అయితే ఒక మాట అడుగుతాను. ఈ సభలో ఉన్నవారిలో 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న అమరావతి దిబ్బనూ, దాని పక్కన మ్యూజియాన్నీ చూసినవారు ఎందరు? లండన్ టికెట్టు కొనేలోపు ఒక ఆదివారం అక్కడికి వెళ్లి రండి. స్తూపం ఎంత వెడల్పో కాళ్లతో తిరిగి చూసినవారికి ఆ గదిలో రాళ్లు వేరుగా కనిపిస్తాయి.

మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ముందుగా ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకుంటే వరస తగ్గుతుంది. శుక్రవారం రాత్రి 8 గంటల 30 నిమిషాల దాకా తెరిచి ఉంటుంది. సిబ్బంది చాలకపోయినప్పుడో, మరమ్మతులప్పుడో కొన్ని గదులు మూస్తుంటారు కాబట్టి 33ఎ తెరిచి ఉందో లేదో ఆ రోజు ఉదయమే వారి వెబ్‌సైట్‌లో చూసుకుని కదలండి.

అక్కడి నుంచి కొంచెం నడిస్తే టావిస్టాక్ స్క్వేర్ తోటలో గాంధీగారి విగ్రహం, 1968లో పెట్టినది. ఇంకొంచెం ముందుకు వెళ్తే బ్రిటిష్ లైబ్రరీ. అందులో ట్రెజర్స్ గ్యాలరీకి టికెట్టు లేదు, ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత పత్రం మాగ్నా కార్టా అక్కడే ఉంది. ఈస్టిండియా కంపెనీ నాటి మన రికార్డులూ ఆ భవనంలోనే ఉన్నాయి. ఊళ్ల చరిత్ర రాసేవారు ఎవరైనా ఉంటే రీడర్ పాస్ ఉచితంగా ఇస్తారు. ఆకలి వేస్తే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్‌లో శాకాహార హోటళ్లు ఉన్నాయి, దోసె కూడా దొరుకుతుంది. చూశారా, ఒక రోజు, ఒక పేట. రైలు ఎక్కింది వెళ్లడానికీ రావడానికీ మాత్రమే.

రెండో రోజు టవర్ వైపు. దీనికి టికెట్టు ఒక్కొక్కరికి 30 పౌండ్లు దాటుతుంది, అయినా కొనండి. ఉదయం తలుపులు తీసే వేళకు వెళ్లి నేరుగా నగల గదికి నడవండి, ఎందుకంటే 11 గంటలకల్లా వరస బయటి దాకా వస్తుంది. కోహినూరు 1937లో చేసిన ఎలిజబెత్ రాజమాత కిరీటంలో ఉంది. కిరీటాల ముందు నిలబడి చూడనివ్వరు, నేలే కదులుతూ మిమ్మల్ని ముందుకు తీసుకుపోతుంది. తృప్తి తీరకపోతే వెనక్కి వచ్చి మళ్లీ ఆ పట్టీ ఎక్కవచ్చు, ఎవరూ కాదనరు. ఫొటోలు తీయకూడదు. మన గోల్కొండ రాజ్యపు గనులలో, కృష్ణ ఒడ్డున దొరికిందని చెప్పుకునే ఆ వజ్రాన్ని 1849లో బాలుడైన మహారాజా దులీప్ సింగ్ చేత ఒప్పందం ప్రకారం అప్పగింపజేసుకున్నారు. 1852లో మళ్లీ సాన పట్టారు. ఇప్పుడు 105 క్యారట్ల పైచిలుకు. చాలామంది 'ఇంతేనా' అంటారు. అనకముందు దాని కథ చదువుకుని వెళ్లండి.

బయటికి రాగానే ఎదురుగా టవర్ బ్రిడ్జి, 1894 నాటిది. దాన్ని లండన్ బ్రిడ్జి అని పిలిచి ఫొటోలు పంపకండి, అది పడమటి పక్కన ఉన్న మామూలు వంతెన. అక్కడి నుంచి నదిని పట్టుకుని పడమటికి నడిస్తే 1666 అగ్నిప్రమాదానికి గుర్తుగా కట్టిన మాన్యుమెంట్, తరువాత క్రిస్టఫర్ రెన్ కట్టిన సెయింట్ పాల్స్, దాని ముందు నుంచి పాదచారుల వంతెన దాటితే టేట్ మోడర్న్. ఆ చివరిది ఒకప్పటి విద్యుత్ కేంద్రం, ఇప్పుడు ఆధునిక కళల మ్యూజియం, ఉచిత ప్రవేశం. కూర్చోవడానికి బెంచీలు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటాయి. పెద్దవయసువారితో తిరిగేటప్పుడు ఈ రెండో సంగతి కూడా ప్లానులో భాగమే.

మూడో రోజు వెస్ట్‌మినిస్టర్. ఇక్కడ వివరాలు అక్కర్లేదు, మీ కాగితాల్లో ఉన్న బిగ్ బెన్, బకింగ్‌హామ్ ప్యాలెస్ ఇక్కడే. వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే పాత చర్చికి టికెట్టు ఉంది, ఆదివారం ప్రార్థనలకే తెరుస్తారు. ప్యాలెస్ దగ్గర కాపలా మార్పు ప్రతి రోజూ జరగదు, తేదీలు చూసుకోండి. పార్లమెంటు స్క్వేర్‌లో చర్చిల్ విగ్రహం ఉన్న తోటలోనే 2015 నుంచి గాంధీగారూ ఉన్నారు. సెయింట్ జేమ్స్ పార్కులో కాసేపు కూర్చుని ట్రఫాల్గర్ స్క్వేర్‌కు నడవండి.

నాలుగో రోజు సౌత్ కెన్సింగ్టన్. మూడు మహా మ్యూజియాలు ఒకే వీధి మలుపులో ఉన్నాయి, మూడూ ఉచితమే, మూడూ ఒకే రోజున చూడటం అసాధ్యం. ఒకటి ఎంచుకోండి. మనవలు వెంట ఉంటే తిమింగలం అస్థిపంజరం ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం. లేకపోతే విక్టోరియా అండ్ ఆల్బర్ట్, అక్కడ టిప్పు సుల్తాను చేయించుకున్న కొయ్యపులి ఉంది. ఐదో రోజు గ్రీనిచ్‌కు పడవలో వెళ్లండి. కొండ మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది, దానికి డబ్బు లేదు.

ఇక మిగిలిన రోజులు మీవి. మీకు ఏది ముఖ్యమో అది వెతుక్కోండి. తెలుగు చదువుకున్నవారు కెన్సల్ గ్రీన్ వెళ్లవచ్చు. వేమన పద్యాలను అచ్చు వేయించి, నిఘంటువు కట్టిన సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లోనే కన్నుమూశారు. ఆయన సమాధి ఆ శ్మశానంలో ఉంది. స్థలం చాలా పెద్దది, సమాధి ఏ భాగంలో ఉందో ముందే కనుక్కుని వెళ్లాలి. చాక్ ఫార్మ్ స్టేషన్ దగ్గర, 10 కింగ్ హెన్రీస్ రోడ్‌లో అంబేద్కర్ 1921, 22 ప్రాంతంలో విద్యార్థిగా ఉన్న ఇల్లు ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని 2015లో కొని స్మారకం చేసింది.

ఇప్పుడు పెట్టెల సంగతి అడుగుతున్నారు. ఆవకాయ తీసుకెళ్లవచ్చు, నూనె కారకుండా కట్టుకోవడమే మీ పని. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకూడదు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ఆ దేశంలోకి రానివ్వరు. కరివేపాకు కట్టలు కూడా వద్దు. అమ్మా, మీకు బాధగానే ఉంటుంది, నాకు తెలుసు. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మన దుకాణాల్లో అవన్నీ దొరుకుతాయి. మందులు చేతి సంచిలో, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి, ఎందుకంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరితే పర్యాటకుల దగ్గర ఖర్చు వసూలు చేస్తారు. మన ప్లగ్గులు అక్కడి గోడలకు పట్టవు, మూడు పలక పిన్నులున్న అడాప్టర్ కొనుక్కోండి. వీధిలో ఫోన్‌ను చేత్తో పట్టుకుని మ్యాపు చూస్తూ నడవకండి, సైకిళ్ల మీద వచ్చి లాక్కుపోయేవారు ఎక్కువయ్యారు. గోడ పక్కకు జరిగి, చూసుకుని, జేబులో పెట్టుకుని కదలండి.

వెనక వరసలో ఒకరు డిసెంబరులోనే టికెట్టు తీసుకున్నామంటున్నారు. సరే, వెళ్లండి, వీధి దీపాలు బాగుంటాయి. కానీ 25వ తేదీని మాత్రం ఖాళీగా వదిలేయండి. ఆ రోజు లండన్‌లో ట్యూబ్ నడవదు, బస్సులు నడవవు, రైళ్లు నడవవు. మ్యూజియాలు 24 నుంచి 26 దాకా మూసి ఉంటాయి. పెద్ద దుకాణాలు తెరవరు. విమానం ఆ తేదీన దిగేలా గానీ, ఎక్కేలా గానీ పెట్టుకోకండి. 24 మధ్యాహ్నానికే పాలు, కూరగాయలు, బియ్యం ఇంట్లోకి తెచ్చిపెట్టుకుని, ఆ రోజు పిల్లలతో ఇంట్లోనే ఉండండి.